పౌడరు డబ్బాలో మాత్రలు

“పడిపోయింది అక్కా” అని ఒక్క ముక్క పంపాడు గుడ్లగూబ, వెనక ఎప్పుడూ తగిలించే నవ్వు బొమ్మ కూడా లేకుండా. అప్పుడే బస్సులో కిటికీ పక్క సీటు దొరికి, ఒళ్ళో సంచీ సర్దుకుని, అమ్మయ్య, ఆఫీసు చేరేదాకా ఎవరికీ దొరకను కదా అని కాళ్ళు చాపుకున్నాను. పడిపోయింది అంటే ఏం పడిపోయిందో నాకు తెలుసు. నిన్న నేను పంపిన సవరణ. అయినా ఆ మాటే అంత, ఫోనులో ఎవరన్నా పడిపోయింది అంటే ముందు మనుషులే గుర్తొస్తారు. గుడ్లగూబని నేనెప్పుడూ చూడలేదు. గొంతయినా వినలేదు. ఎక్కడో ఉంటాడు, మనం పడుకునే వేళకు వాడు లేస్తాడు, అందుకే ఆ పేరు తనే పెట్టుకున్నాడు. నన్ను అక్కా అంటాడు, నేను వయసులో పెద్దదాన్నని ఎలా కనిపెట్టాడో మరి, మాటకు ముందు ‘జాగ్రత్త’ అంటానట, అక్కలే అంటారట అలా.

జాగ్రత్త! ఆ మాట అనే హక్కు నాకు ఇవాళ ఉందా? మేం చూసుకునేది ఒక చిన్న ప్రోగ్రామింగ్ భాష తాలూకు ఇంటర్‌ప్రెటర్‌ని. ఎవరో రాసిన ప్రోగ్రాంని వాక్యం వెంట వాక్యం చదివి, అందులో ఏముందో కంప్యూటర్ చేత చేయించే దుబాసీ లాంటిది. దానికి యజమాని లేడు. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా విప్పి చూడొచ్చు, చేతనైతే బాగుచేయొచ్చు. డబ్బు ఇచ్చేవాళ్ళు లేరు, పుచ్చుకునేవాళ్ళు లేరు. “జీతం లేని చాకిరీ ఇంట్లో చాల్లేదనా, బయట కూడా వెతుక్కున్నావ్?” అంది అత్తయ్య ఒకసారి, నా భుజం మీంచి తెర వంక చూస్తూ, చూసి కూడా కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూస్తూ. చాకిరీయే. మెమరీ లీకు పట్టుకోవడమంటే అచ్చం వంటింటి పనే. లీకు అంటే కుళాయి కారడం అనుకుంటారు అందరూ. కాదు. వాడిన గిన్నె కడిగి గూట్లో పెట్టకపోవడం. ఇవాళ ఒక గిన్నె, రేపు ఇంకోటి, అన్నీ తొట్టిలోనే పడుంటాయి, చివరికి పాలు కాయడానికి కూడా గిన్నె ఉండదు, ఇల్లాలు నడుమ్మీద చెయ్యేసుకుని నిలబడిపోతుంది, కంప్యూటరూ అంతే, నిలబడిపోతుంది. అలా కాకుండా ఉండాలంటే ప్రతి వస్తువుకీ ఒక లెక్క ఉంటుంది, దాన్ని ఎంతమంది పట్టుకుని ఉన్నారో. పట్టుకున్నవాళ్ళు ఒకటి కలపాలి, వదిలినవాళ్ళు ఒకటి తీసెయ్యాలి, ఎవరూ పట్టుకుని లేరని తేలితే ఆ వస్తువు చెత్తలోకి. నేను కనిపెట్టిందేమిటంటే, ఒకచోట ఎవరో ఎప్పుడో ఒక పట్టు ఎక్కువ పట్టారు. పట్టి వదల్లేదు. ఒకే ఒక్క వరుస. అది ఎందుకుందో పక్కన ఒక్క ముక్క కూడా రాయలేదు. గుడ్లగూబ అడిగాడు కూడా, “అది ఊరికే ఉందంటావా అక్కా?” అని. “ఊరికే ఉండక, ఎవరో మతిమరుపు మహానుభావుడు” అన్నాను. ఆ వరుస తీసేశాను. లీకు ఆగింది. ఆ సంతోషంలో సాయంత్రం ఇల్లంతా సర్దాను, సంతోషమొస్తే నేను సర్దుతాను, భయమొచ్చినా సర్దుతాను, అత్తయ్య గదిలో బల్ల మీద పౌడరు డబ్బా ఎత్తితే గలగలమంది.

పౌడరు గలగలమనదు. మూత తీసి పళ్ళెంలో కుమ్మరించాను, తెల్లటి పౌడరు లోంచి తెల్లటి బిళ్ళలు, ముందు తెలియలేదు, వేలితో కదిపితే తెలిసింది, రక్తపోటు మాత్రలు. అన్నీ సగాలే. కత్తితో కోసినట్టు శుభ్రంగా, అంచులు చిట్లకుండా. ఆవిడ ఏ పనైనా అంతే, చివరికి దొంగతనం కూడా నీటుగా చేస్తుంది. ఇదిగో ఇక్కడున్నావా, అనుకున్నాను, ఒకే రోజున రెండు దొరికాయి నాకు, అక్కడ కారేదీ ఇక్కడ కారేదీ. ఎంత కోపమొచ్చిందో అంత గర్వమూ వచ్చింది, అది ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఎక్కడ పెట్టారు, ఎన్నాళ్ళనుంచి, ఇంకెక్కడైనా దాచారా, మీ అబ్బాయికి తెలుసా, అని నిలబెట్టి అడిగాను. ఆవిడ పళ్ళెంలోకి చూస్తూ కూర్చుంది, “పౌడరంతా పాడుచేశావు” అంది. రాత్రి ఒకటి నిండుగా మింగించాను, పొద్దున ఇంకోటి. ఎదురుగా నిలబడి, నీళ్ళు చేతికిచ్చి, నోరు తెరవమని నాలుక కింద కూడా చూశాను. “పోలీసు ఉద్యోగం ఎప్పుడొచ్చిందే నీకు? చెప్తే మిఠాయిలు పంచేదాన్నిగా” అంది ఆవిడ నోరు తెరిచే. నేను నవ్వలేదు. నవ్వితే లొంగిపోతానని. బస్సెక్కాక నవ్వుకున్నాను.

పక్క సీటావిడ గొడుగు లోంచి చుక్క చుక్కగా నా చెప్పు మీద పడుతోంది. కాలు జరిపితే గొడుగూ జరుగుతోంది. చిన్న తెర మీద ప్రోగ్రాం చదవడమంటే తాళం చెవి కన్నంలోంచి గది చూసినట్టు, ఈ మూల కనిపిస్తే ఆ మూల కనిపించదు, వేలితో పైకీ కిందకీ తోస్తూ గుడ్లగూబ పంపిన ఆనవాళ్ళు పట్టుకుని వెళ్ళాను. పరీక్షలన్నీ నెగ్గి, ఒక్కటి దగ్గర పడిపోయింది. తెరవమన్న ఫైలు లేనప్పుడు ఏం జరుగుతుందో చూసే పరీక్ష అది. ఎప్పుడోగాని ఎవరూ వెళ్ళని దారి. అక్కడికి వెళ్తే, ఆ దారి చివర, ఎవరో ఆ వస్తువునే ఒకసారి ఎక్కువ వదిలేస్తున్నారు. తనది కాని పట్టు కూడా వదిలేస్తున్నారు. అంటే లెక్క తొందరగా సున్నా అయిపోతుంది, ఇంకా చేతిలో ఉన్న వస్తువునే చెత్తలో పారేస్తుంది, పారేసినదాన్ని అందుకోబోయి బోర్లా పడుతుంది. మరి ఇన్నాళ్ళూ ఎందుకు పడలేదు? వేలు ఆగిపోయింది. ఇన్నాళ్ళూ ఇక్కడొకరు ఒకటి ఎక్కువ పట్టుకుంటున్నారు కాబట్టి. మతిమరుపు మహానుభావుడికి మతిమరుపు లేదు. అక్కడ ఎక్కడో కారణం తెలియకుండా పడుతోందని చూసి, ఆ కారణం వెతికే ఓపిక లేకో తీరిక లేకో, ఇక్కడో పట్టు అడ్డం పెట్టి నిలబెట్టాడు. కుంటి బల్ల కాలి కింద మడత పెట్టిన కాగితం. నేనొచ్చి, ఈ కాగితమెవరు పడేశారమ్మా ఇక్కడ, అని ఊడ్చేశాను. ఇల్లలకగానే పండగ కాదు, నాకెవరు చెప్పాలి, ఆ సామెత అందరికీ చెప్పేది నేనే.

“రెండు తప్పులు ఒకదాన్నొకటి మోసుకుంటున్నాయి” అని రాశాను గుడ్లగూబకి. “నేను ఒకటే సరిచేశాను.”

“అదే అక్కా, సగం బాగుచేస్తే అసలు చెయ్యకపోవడం కన్నా అన్యాయం. పాతది బతికుండేది” అని రాశాడు, ఈసారి నవ్వు బొమ్మ పెట్టాడు. నేనూ ఏదో బొమ్మ పెట్టబోయాను. నా మాటే అక్కడ తెర మీద ఉంది, నేను ఒకటే సరిచేశాను, నేను ఒకటే సరిచేశాను, ఎవరో అడ్డొస్తే బస్సు బ్రేకు వేసింది, అందరం ముందుకు ఊగి వెనక్కొచ్చాం, డాక్టరుగారి గది గుర్తొచ్చింది. ఎందుకు గుర్తొచ్చిందో ముందు తెలియలేదు. ఆయన అత్తయ్య చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టి, తగ్గలేదే, అన్నారు. ఆవిడ వైపు చూడలేదు, నా వైపు చూసి, “మందులు సరిగ్గా వేసుకుంటున్నారా?” అన్నారు. “వేళకి వేసుకుంటారండీ” అన్నాను నేను, పరీక్షలో తెలిసిన ప్రశ్న వచ్చినట్టు. అయితే ఇది చాలట్లేదు, కొంచెం పెద్దది రాస్తాను, అన్నారు. ఆ పై నెల మళ్ళీ గాలి కొట్టి, ఇంకా తగ్గలేదు, ఇంకొంచెం పెద్దది. రెండుసార్లూ నేనే జవాబు చెప్పాను. ఆవిడ మోచేతి మీద చీర సర్దుకుంటూ గోడ మీద గడియారం చూస్తూ కూర్చుంది. ఆయన పెంచుతూ పోయారు, ఆవిడ సగమే మింగుతోందని తెలియక. ఆవిడ సగం కోస్తూ పోయింది. ఒకరు ఎక్కువ పెడుతుంటే ఒకరు ఎక్కువ తీస్తున్నారు. ఒంట్లోకి వెళ్ళేది ఎంత వెళ్ళాలో అంతే వెళ్తోందేమో. నిన్న నేను వచ్చి సరిచేశాను. ఒకటే సరిచేశాను. రాత్రి ఒకటి నిండుగా, పొద్దున ఒకటి నిండుగా, నాలుక కింద కూడా చూసి.

ఇంటికి ఫోను చేశాను. మోగుతోంది. ఎవరింట్లోనైనా ఫోను మోగుతుంది, స్నానాల గదిలో ఉన్నారేమో, కునుకు తీస్తున్నారేమో అనుకుంటారు. మా ఇంట్లో అలా అనుకోవడానికి లేదు. అత్తయ్య ఉద్యోగం చేసినన్నాళ్ళూ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చేసింది, చెవులకి తొడుగు పెట్టుకుని, ఈ తీగ తీసి ఆ కన్నంలో పెట్టి, ఊళ్ళకి ఊళ్ళని కలిపింది. మోగే ఫోనుని మోగనివ్వడం ఆవిడ దృష్టిలో గుమ్మంలో ఉన్న మనిషిని ఎండలో నిలబెట్టడమే. నోట్లో ముద్ద ఉన్నా ఎత్తుతుంది. నేను కొత్తగా వచ్చినప్పుడు నాకు నేర్పింది వంట కాదు, ఫోను ఎత్తడం. “హలో అనడానికి ముందు చిన్నగా ఊపిరి తీసుకో, అవతలివాడికి నువ్వు తీరిగ్గా ఉన్నావనిపించాలి” అనేది. మోగుతోంది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాను. మా ఆయనకి చేసి లాభం లేదు, ఫ్యాక్టరీ గేటు దగ్గర ఫోన్లు పుచ్చుకుని డబ్బాలో పెట్టేస్తారు, షిఫ్టు దిగేదాకా ఆ మనిషి ఏ లోకంలో ఉన్నట్టూ కాదు. నేను లేచాను, గొడుగావిడ మోకాళ్ళు దాటుతూ, దిగాలి, దిగాలి అంటూ. “స్టాపు ఇంకా రాలేదమ్మా” అన్నారెవరో. “నాకొచ్చింది” అన్నాను.

టాక్సీ దొరికింది గాని రోడ్డు దొరకలేదు. వాన వెలిసి అందరూ ఒక్కసారే బయటికొచ్చారు. ముందు లారీ వెనక తలుపు మీద ఎవరో వేలితో పువ్వు గీశారు, మట్టిలో, దాని రేకులు లెక్కపెడుతున్నాను, ఎందుకు లెక్కపెడుతున్నాను, ఫోను చెయ్యాలి, మోగుతోంది. ఒకవేళ పడిపోతే ఎటు పడి ఉంటుంది. వంటింట్లో పొయ్యి వెలిగించి ఉంటే? గట్టు మూల రాయి పదునుగా ఉంటుంది, అరగదీయించాలి అని గృహప్రవేశం నాటి నుంచి అనుకుంటూనే ఉన్నాను. పొద్దున నేను బయల్దేరుతుంటే గోడ పట్టుకుని నిలబడింది, వెళ్ళేటప్పుడు గుమ్మం దాకా వచ్చే మనిషి గది దగ్గరే ఆగిపోయింది, అలిగిందనుకున్నాను. అలకేనా అది? “తలుపు వేసుకోండి అత్తయ్యా” అన్నాను, “వేసుకుంటాలే, పోలీసమ్మా” అంది, గొంతు కొంచెం నీరసంగా, అది కూడా అలకలో భాగమే అనుకున్నాను. మనిషి నీరసపడినా మనకి పొగరులాగే కనిపిస్తుంది, మనం గెలిచామనుకున్న రోజు. గడియ కూడా వేసుకుని ఉంటుంది. నా దగ్గర తాళం చెవి ఉంది, లోపలి గడియకి చెవి లేదు. గుడ్లగూబ ఏదో పంపిస్తున్నాడు, సాయంత్రం కొత్త విడత విడుదల చెయ్యాలి అక్కా, నీ సవరణ ఉంచనా, వెనక్కి తియ్యనా, అక్కా, ఉన్నావా. ఎవరి ప్రోగ్రాములో, ఎక్కడెక్కడో, ఈ దుబాసీని నమ్ముకుని నడుస్తున్నాయి. వాడికి జవాబు చెప్పాలి. వేళ్ళు ఆ అక్షరాల మీదకి పోవడం లేదు. కింది అంతస్తులో బట్టలు కుట్టే ఆవిడ గుర్తొచ్చింది, ముందే గుర్తు రావలసింది.

“ఉన్నా వదినా, నీ జాకెట్టే కుడుతున్నా, చేతులు కొంచెం పొట్టిగా వచ్చాయి, తిట్టకు” అంది ఫోను ఎత్తుతూనే.

“ఒకసారి పైకెళ్ళి మా అత్తయ్యని చూడవా? పరిగెత్తు.”

మిషను ఆగిన చప్పుడు, చెప్పుల చప్పుడు, మెట్లు, ఆయాసం. తలుపు మీద కొట్టడం నా చెవిలోనే వినిపించింది. “పెద్దమ్మగారూ! ఓ పెద్దమ్మగారూ!” తర్వాత గొంతు తగ్గించింది. “గడియేసుంది వదినా. టీవీ మాత్రం మోగుతోంది. పలకట్లేదు.”

“తలుపు పగలగొట్టు.”

“నేనా? నా చేతిలో కత్తెర తప్ప ఏముంది చెప్పు.” వెంటనే తనే తప్పు తెలుసుకున్నట్టు, “ఉండు ఉండు, ఎదురింటివాళ్ళని పిలుస్తా, నువ్వు రా, కంగారుపడకు” అని పెట్టేసింది. కంగారుపడకు. ఆ మాట విన్నాక ఇక టాక్సీలో కూర్చోలేకపోయాను. డ్రైవరుకి డబ్బు చేతిలో పెట్టి చిల్లర మాటెత్తకుండా దిగి పరిగెత్తాను, వీధి చివర దాకా, నీటి గుంటలు, ఒక చెప్పు పట్టీ తెగింది, రెండోదీ వదిలేశాను. మనసులో ఒకటే గొడవ, దేవుడితో కాదు, ఆ మతిమరుపు లేని మహానుభావుడితో. ఒక్క ముక్క రాయొచ్చు కదయ్యా, ఇది తియ్యకండి, తీస్తే పడిపోతుంది అని, ఒక్క ముక్క. ఆవిడ మాత్రం? ఒక్క ముక్క చెప్పొచ్చుగా. చెప్పొచ్చుగా అత్తయ్యా.

గుమ్మం ముందు ఎదురింటాయన సుత్తి పట్టుకుని, ఎక్కడ కొట్టాలో తెలియక తలుపుని నిమురుతున్నాడు. టైలరావిడ మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది. నేను వాళ్ళని తోసుకుని తలుపు కింద సందు దగ్గర కూర్చుని, చెంప నేలకి ఆనించి, అత్తయ్యా అని అరిచాను. టీవీలో ఎవరో సబ్బు గురించి చెప్తున్నారు. మళ్ళీ అరిచాను. దగ్గర్నుంచే, నా చెవికి ఎంతో దూరంలో కాదు, నేల మట్టం నుంచే వచ్చింది గొంతు.

“వస్తున్నానే. రైలేం వెళ్ళిపోవడం లేదు.”

“పడ్డారా?”

“పడలేదు. పడేలా ఉన్నానని నేనే కూర్చున్నా. కూర్చుని దేకుతున్నా. ఇందాక నుంచి ఎవరెవరో బాదుతున్నారు, నేను పలుకుతూనే ఉన్నా, ఆ టీవీవాడి గొంతు ముందు నా గొంతేం వినపడుద్ది?” ఊపిరి కోసం ఆగింది. “ఫోను కూడా మోగింది. అందలేదు.” ఆ చివరి మాట అన్నప్పుడు మాత్రం గొంతు మారింది, ఏదో చెయ్యరాని పని చేసినట్టు.

భుజం నొప్పి వచ్చినప్పటి నుంచి పై గడియ వెయ్యదు ఆవిడ, కిందిదే వేస్తుంది. దొంగలు పై గడియే చూస్తారా ఏంటి అని నేను దెబ్బలాడేదాన్ని. ఆ కింది గడియ ఇప్పుడు కూర్చున్న మనిషి చేతికి అందింది. కిర్రుమని కదిలి, ఆగి, మళ్ళీ కదిలింది. తలుపు తీసేసరికి గోడకి ఆనుకుని ఉంది, ముఖం తెల్లగా, పెదవుల మీద చెమట, చీర కుచ్చిళ్ళకి గది దగ్గర్నుంచి గుమ్మం దాకా ఉన్న దుమ్మంతా అంటుకుని. నేను ఎంత బాగా సర్దానో తెలిసింది. టైలరావిడ నీళ్ళు తెచ్చింది, ఎదురింటాయన సుత్తి వీపు వెనక దాచుకున్నాడు. ఆవిణ్ణి అక్కడే పడుకోబెట్టి కాళ్ళు నా ఒళ్ళోకి ఎత్తుకున్నాను, తల కన్నా ఎత్తులో ఉండాలని ఎక్కడో చదివాను.

“కాళ్ళు పట్టుకుంటావేంటే, అందరూ చూస్తున్నారు” అంది కళ్ళు మూసుకునే.

ఏడుపొచ్చింది, కోపంలాగే వచ్చింది. “సగాలు చేసి దాచేబదులు చెప్పొచ్చుగా అత్తయ్యా.”

“అడిగావా?”

“నిన్నంతా అడుగుతూనే ఉన్నాగా!”

“ఎక్కడ దాచావన్నావు. ఎన్నాళ్ళనుంచన్నావు. అబ్బాయికి తెలుసా అన్నావు.” వేళ్ళు మడుస్తోంది ఒక్కొక్కటే. “ఎందుకని అడగలేదు.”

పాదాలు చల్లగా ఉన్నాయి. అరచేతులతో రుద్దుతూ ఉండిపోయాను. “ఎందుకు?” అన్నాను, ఆ మాట నా నోట్లోంచి ఎంత చిన్నగా వచ్చిందంటే టైలరావిడ కూడా ముందుకు వంగి వింది.

“నిండుది మింగితే కళ్ళ ముందు చీకటి. మొదటిసారి స్నానాల గదిలో, బకెట్టు పట్టుకుని ఆగాను. సగం వేసుకుంటే బానే ఉన్నా. డాక్టరేమో పెంచుతాడు, నేనేమో తుంచుతా. ఎవరికి చెప్పను? ఆ డాక్టరు నన్నడగడు. నిన్నడుగుతాడు, నువ్వు చెప్తావు.”

గుడ్లగూబకి, ఒక చేత్తో, “తీసింది తిరిగి పెట్టు. అది ఎందుకుందో పక్కనే రాయి. ఆ రెండో తప్పునీ పూర్తిగా చూసుకున్నాక రెండూ కలిపి తీద్దాం” అని పంపాను. తర్వాత డాక్టరుగారికి ఫోను చేశాను. అవతల నర్సు, ఎవరు, ఏం పేరు, ఎంత సేపయింది, లైన్లో ఉండండి. ఏదో సంగీతం. తర్వాత ఆయన గొంతు, తొందరలో, ఇంకో మనిషి చేతికి గాలి కొడుతూ మాట్లాడుతున్నట్టు. ఏం జరిగిందో చెప్పాను. ఆయన విని, ఎప్పుడూ అడిగేదే అడిగారు.

“మందులు సరిగ్గా వేసుకుంటున్నారా?”

జవాబు నాలుక చివరిదాకా వచ్చింది, తెలిసిన ప్రశ్నే. నోరు మూసుకున్నాను. వంగి, ఫోను ఆవిడ చెవికి ఆనించాను. ఆవిడ కళ్ళు తెరిచి నా వంక చూసింది, ఫోను వంక చూసింది, జుట్టు చెవి వెనక్కి తోసుకుంది, చిన్నగా ఊపిరి తీసుకుంది.

“హలో” అంది, నేల మీద పడుకునే, ఎంతో తీరిగ్గా ఉన్న గొంతుతో. “పేషెంటునే మాట్లాడుతున్నాను. చెప్తాను, వినండి.”